పది నుంచి పన్నెండు దాకా నేను లేను

నేను పోయానన్న సంగతి నాకు ఫిబ్రవరి మొదటి వారంలో, సాయంత్రం కాఫీ తాగుతుండగా తెలిసింది. చెప్పింది మా కోడలు మృదుల. చంపింది కూడా తనే.

"మామయ్యగారూ, కోప్పడనంటే ఒకటి చెప్తాను," అంది.

కోప్పడనని నేను ఎవరికీ మాటివ్వను. ముప్పై ఆరేళ్లు ఆర్టీసీలో బస్సుల టైమ్ టేబుళ్లు వేసి రిటైరైనవాణ్ణి. లోకం టైముకి నడవనప్పుడల్లా కోప్పడటం నాకు జీతంతో పాటు అలవాటైంది. అయినా ఆ పిల్ల ముఖం చూసి, "చెప్పు," అన్నాను.

మృదుల మాదాపూర్‌లో ఓ పెద్ద కంపెనీలో పనిచేస్తుంది. అక్కడి ఉద్యోగులంతా ఏడాదికి ఇన్ని గంటలని సమాజసేవ చేయాలి. ఆ సేవ చేయించే విభాగం మా కోడలిది. ఎవరు ఎప్పుడు ఎక్కడ సేవ చేయాలో రాయడం, చేశాక ఫొటో తెప్పించుకోవడం తన పని. కిందటేడు ఒక బడి గోడకి రంగులు వేయించారు. అదే గోడకి ముందు వారమే ఇంకో కంపెనీవాళ్లు వేసి వెళ్లారట. రంగు ఆరక మనవాళ్ల చొక్కాలకి అంటుకుందని మా అబ్బాయి ఉపేంద్ర చెప్పి నెలరోజులు నవ్వాడు. ఈసారి 'పెద్దలకు తోడు' అని పెట్టారు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల ఇళ్లకి ఎనిమిది శనివారాలు, పది నుంచి పన్నెండు దాకా, వెళ్లి కబుర్లు చెప్పి రావాలి. మన ఎల్బీనగర్ వైపు అలాంటివాళ్లని యాభై మందిని వెతకడం మృదుల వంతు. మార్చాఖరుకి అంతా సవ్యంగా జరిగితే తన కాంట్రాక్టు ఉద్యోగం పర్మనెంటవుతుంది.

"నలభై తొమ్మిది మంది దొరికారు మామయ్యగారూ. యాభయ్యో ఆయనది అబ్దుల్లాపూర్‌మెట్. లిస్టు పంపాల్సిన రోజు పొద్దున్నే ఫోన్ చేస్తే పెళ్లి చేసుకున్నాడట."

"ఎవరు?"

"ఆయనే. డెబ్బై ఒకటో ఏట. ఇంక ఒంటరి ఎలా అవుతాడు?"

"సంతోషం. దానికి నాకెందుకు కోపం?"

"ఐదింటికల్లా లిస్టు పంపాలి. అత్తయ్యగారి ఆధార్ నా ఫోన్లో ఉంది. అందుకని ఆ యాభయ్యో వరుసలో..." మిగతాది మింగేసింది.

"ఒంటరి అని రాశావా? ఇంట్లో నలుగురం ఉండగా?"

"భర్త అన్న గడిలో 'ఉన్నారు' అని పెడితే వరుసంతా ఎర్రబడిపోతోంది. 'లేరు' అని నొక్కితేనే పచ్చబడింది."

నేను గ్లాసు కింద పెట్టాను. "అంటే నేను..."

"రెండేళ్లయింది," అంది మృదుల తల దించుకుని. "తేదీ కూడా అడిగింది మామయ్యగారూ. తిథి మంచిదే చూసి వేశాను."

వంటింటి గుమ్మంలో నిలబడి మా ఆవిడ సూర్యప్రభ అంతా విన్నది. ఏడుస్తుందనుకున్నాను. కనీసం చెంపలేసుకుంటుందనుకున్నాను. ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "ఆ రెండు గంటలూ ఇంట్లో ఎవరూ ఉండకూడదా?" అని అడిగింది.

"ఉండకూడదు అత్తయ్యగారూ. ఒక్కరే ఉంటారని రాశాను కదా. తెలిస్తే నా ఉద్యోగం పోతుంది."

"అయితే రమ్మను," అంది మా ఆవిడ.

దానికి రెండు షరతులు పెట్టింది. బొట్టు, సూత్రాలు తీయనంది. నా ఫొటో గోడకి తగిలిస్తే తగిలించుకోండి గాని దండ మాత్రం వేయనివ్వనంది. ఆ రెండో షరతుకి నా కడుపు నిండింది. అది ఎంత తొందరపాటో తర్వాత గాని తెలియలేదు.

* * *

మొదటి శనివారం తొమ్మిదిన్నరకి మేమంతా ఇల్లు ఖాళీ చేశాం. తలుపు మీద నా పేరున్న బోర్డు మరమేకులతో సహా ఊడదీసి ఉపేంద్ర బీరువాలో పెట్టాడు, నా పాత ఫొటో ఒకటి హాల్లో గోడకి తగిలించాడు. వాడు లాప్‌టాప్ పట్టుకుని కొత్తపేటలో ఏదో కాఫీ షాపుకి, మృదుల మిగతా నలభై తొమ్మిది ఇళ్ల సంగతి చూడటానికి వెళ్లిపోయారు. నాకు పోవడానికి చోటు ఒకటే ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లో బ్రహ్మం చీరల దుకాణం.

బ్రహ్మం వాళ్లది పోచంపల్లి. తాతల నాటి మగ్గం వదిలి ఇక్కడ, ఇప్పుడు మెట్రో స్తంభం ఉన్నచోటికి ఎదురుగా, దుకాణం పెట్టి పాతికేళ్లయింది. పాతికేళ్లుగా మా స్నేహం ఒకే పద్ధతిలో నడుస్తోంది. నేను ప్రతిదానికీ విసుక్కుంటాను, అతను ప్రతిదానికీ నవ్వుతాడు.

"ఏంది సారూ, గింత పొద్దుగాల్నే ఒచ్చినవ్? ఇంట్ల ఏమన్న లొల్లా?"

చెప్పాను. బ్రహ్మం విన్నాడు. ముందు మర్యాదకి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, తర్వాత అదీ మానేశాడు.

"అంటే నువ్వు సచ్చి రెండేండ్లయిందా? నాకొక్క మాట చెప్పకపోతివి! మరిప్పుడు చాయ్ తాగుతవా, లేకపోతే పిండం పెట్టియ్యాల్నా?"

చాయ్ తాగాను. ఆ ఎనిమిది వారాలూ అతను నన్ను పేరు పెట్టి పిలవలేదు. దుకాణానికి ఎవరొచ్చినా, "గీ సార్ కీర్తిశేషులు, జర జరగండ్రి, కూసుంటడు," అనేవాడు. చీరలు బేరం చేసే ఆడవాళ్లు నా వైపు బెదురుగా చూసేవారు.

పన్నెండూ పదికి ఇంటికి చేరాను. మా ఆవిడ ముఖం వేరేగా ఉంది. బాగోలేదని కాదు. బాగుంది.

"ఎవరొచ్చారు?" అన్నాను.

"శ్రవణ్‌కుమార్ అని, కుర్రాడు. మంచి పిల్లాడు."

"ఏం మాట్లాడుకున్నారు?"

"ఏవో," అంది.

నలభై ఒక్కేళ్ల కాపురంలో నేను ఆఫీసు నుంచి వచ్చాక ఆవిడ అడిగిన ప్రతి ప్రశ్నకీ నేను చెప్పిన జవాబు అది. తిరిగి నాకే చెప్పడం అదే మొదటిసారి. అది వినేవాడికి ఎలా ఉంటుందో నాకప్పుడు తెలిసింది.

రెండో శనివారం కళ్లజోడు మరిచిపోయి పదకొండింటికి వెనక్కి వచ్చాను. తలుపు దాకా వచ్చి ఆగిపోయాను. లోపల మా ఆవిడ నవ్వుతోంది. ముసిముసిగా కాదు, ఊపిరాడనంతగా. ఇంట్లో ఆ నవ్వు నేనెప్పుడు విన్నానా అని మెట్ల మీద కూర్చుని ఆలోచించాను. జ్ఞాపకం రాలేదు. కళ్లజోడు లేకుండానే దిల్‌సుఖ్‌నగర్ తిరిగి వెళ్లాను. దారిలో ఎక్కాల్సిన బస్సు కాక వేరే బస్సెక్కాను. నా ఉద్యోగ జీవితానికే అది మచ్చ.

* * *

ఐదో శనివారం బ్రహ్మం దుకాణంలో కూర్చుని, ఎదురుగా సిగ్నల్ దగ్గర ఆగిన బండ్లు చూస్తున్నాను. మార్చి ఎండ అప్పుడే మాడుస్తోంది. ఒక ఎర్ర స్కూటీ ముందు వరుసలో ఆగింది. నడిపేది ఆకుపచ్చ నేత చీర కట్టిన పెద్దావిడ. నెత్తిన హెల్మెట్, రెండు కాళ్లూ నేలకి గట్టిగా ఆనించి ఉంది. వెనక ఒక కుర్రాడు బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడు.

"ఈ వయసులో ఈవిడకేం పోయేకాలం," అన్నాను.

బ్రహ్మం తొంగి చూశాడు. "సారూ, గా చీర మన దుకాణందే. నిరుడు నువ్వే కొన్నవ్."

లేచాను. చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పరిగెత్తి, "సూర్యా!" అని అరిచాను. వెనకున్న కుర్రాడు తల తిప్పాడు. అప్పుడు గుర్తొచ్చింది, నేను పోయానని. ఆ కుర్రాడు వారంవారం మా హాల్లో నా ఫొటో ఎదురుగానే కూర్చుంటున్నాడు. నన్ను చూశాడా, మృదుల పని అంతే. దుకాణం ముందు వేలాడదీసిన చీరల వెనక్కి దూరాను. చీరలన్నీ నా మీద పడ్డాయి. వాటి సందులోంచి చూశాను.

మా ఆవిడ నన్ను చూసింది. చూసి హారన్ కొట్టింది. రెండుసార్లు. పచ్చ సిగ్నల్ పడింది, బండి ముందుకి దూకింది.

"జర మెల్లగ ఆంటీ! బ్రేక్ పట్టుకోండ్రి!" అన్న కేక మూసారాంబాగ్ వైపు పోయింది.

బ్రహ్మం చీరలు తీసి మడత పెడుతూ, "నువ్వున్నప్పుడు అమ్మగారు బస్సు గూడ ఒక్కతే ఎక్కలె గద సారూ," అన్నాడు.

"నేనిప్పుడు మాత్రం లేనా?"

"నేనేమెరుక? కాయితం మీద లేవు గద."

అతను ఊరికే అన్నాడు. నా మనసులో మాత్రం ఆ మాట నిలిచిపోయింది. అప్పటిదాకా నా బాధంతా ఎనిమిది వారాలు ఎప్పుడు గడుస్తాయా, నా కుర్చీ, నా పేపరు, నా ఫ్యాను నాకెప్పుడు దక్కుతాయా అనే. ఆ రోజు నుంచి వేరే దిగులు పట్టుకుంది. ఎనిమిది వారాలూ అయిపోయి నేను బతికి వస్తే, మా ఆవిడకి అది ఇష్టమేనా? ఇలాంటిది ఎవరిని అడుగుతాం? అన్నం దగ్గర ఆవిడ ముఖం చూసేవాణ్ణి. ఆవిడ పులుసు వడ్డించేది. స్కూటీ సంగతి నేను ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు.

సంగతేమిటో మృదులే చెప్పింది. ఒంటరి పెద్దవాళ్లని తీరని కోరిక ఒకటి అడిగి తెలుసుకోవాలని వచ్చేవాళ్లకి ముందే చెప్తారట. నలభై తొమ్మిది మందీ గుడి అన్నారు. అత్తయ్యగారు స్కూటీ అన్నారు. శ్రవణ్ తన బండి మీదే నేర్పి, నేర్చుకునేవాళ్లకిచ్చే ఎల్ఎల్ఆర్ లైసెన్సు కూడా తీయించాడు.

"మా అందరికీ తెలుసు మామయ్యగారూ, అత్తయ్యగారే మీకు చెప్పొద్దన్నారు," అంది.

"ఎందుకట?"

మృదుల కాఫీ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది.

* * *

ఎనిమిదో శనివారం, ఆఖరుది. మృదుల పైఅధికారిణి కృష్ణకుమారిగారు ఆ వారమంతా యాభై ఇళ్లలో ఒక్కొక్క ఇంటికీ వెళ్లి, ఈ సేవ ఎలా ఉందో వీడియో తీసుకుంటున్నారు. అందరికంటే ఆఖరున, ఆ రోజు పదింటికి, మా ఇంటికి వస్తామన్నారు. మెట్రో వెంటనే దొరికి తొమ్మిదింటికే వచ్చేశారు.

గంట మోగేసరికి ఉపేంద్ర కాఫీ షాపుకి వెళ్లిపోయాడు, నేను మాత్రం లుంగీ, బనీనులో, కుర్చీలో, పేపరుతో ఉన్నాను. గోడ మీది నా ఫొటో సరిగ్గా నా నెత్తిమీద ఉంది. పారిపోవడానికి ఇంకో తలుపు లేదు. మా ఆవిడ ఒకసారి నన్ను చూసి, తలుపు తీసేసింది.

"రండి రండి. ఈయన పక్క ఫ్లాట్ సాంబమూర్తిగారు. పేపరు కోసం వచ్చారు," అంది.

కాపురంలో ఆవిడ అబద్ధమాడగా నేను వినలేదు. అంత తడుముకోకుండా ఆడగలదని అసలు అనుకోలేదు.

కృష్ణకుమారిగారు వచ్చారు. యాభై ఏళ్లుంటాయి, సన్నగా, చురుగ్గా ఉన్నారు. వెనక శ్రవణ్‌కుమార్. ఆ వెనక, తన ఇంటికి తానే కొత్త చుట్టంగా, మృదుల. చెప్పులు విడిచి, చూసుకోకుండానే అలమరలో కింది అరలో తన చోట్లో పెట్టింది. పెట్టాక గుర్తొచ్చి, మళ్లీ తీసి గుమ్మం దగ్గర పెట్టింది.

"నీ పేరేంటమ్మా?" అని అడిగింది మా ఆవిడ.

"మృదుల అండీ."

"చక్కటి పేరు. మీ అత్తగారు అదృష్టవంతురాలు."

ఆవిడకి ఇదంతా సరదాగా ఉందని నాకర్థమైంది. చెమటలు పట్టింది నాకూ మృదులకే. కృష్ణకుమారిగారు ఎండగా ఉందన్నారో లేదో, మృదుల లేచి తిన్నగా వంటింట్లోకి వెళ్లి, పై అరలోంచి గ్లాసులు దించి, పళ్లెంలో అందరికీ నీళ్లు తెచ్చింది. అలవాటు చొప్పున నా గ్లాసు పక్కన తొమ్మిదింటి బీపీ మాత్ర కూడా పెట్టింది.

కృష్ణకుమారిగారు మాత్ర వైపు చూశారు. నేను మింగేశాను.

"సాంబమూర్తిగారు మాత్రలు ఇక్కడే వేసుకుంటారా?"

"అప్పుడప్పుడూ," అన్నాను.

శ్రవణ్ ఫోన్ పైకెత్తాడు. అతను నా వైపు, గోడ మీది ఫొటో వైపు ఒకసారి చూసి, "అంకుల్ మీకు చుట్టమా ఆంటీ? ముక్కు అట్లనే ఉంది," అన్నాడు. మా ఆవిడ దూరపు చుట్టమని చెప్పింది.

"ఈ ఎనిమిది వారాల్లో మీకేం దొరికిందమ్మా?" అని అడిగారు కృష్ణకుమారిగారు.

"బండి నేర్చుకున్నాను."

"ఇంకా?"

మా ఆవిడ కొంచెం ఆలోచించింది. ఇప్పుడు సరదా లేదు ఆ ముఖంలో. "ఈ అబ్బాయి మొదటి వారం ఏవేవో అడిగాడండీ. మీకేమిష్టం, ఎక్కడికి వెళ్లాలనుంది, ఎవరిని చూడాలనుంది అని. ఒక్కదానికీ జవాబు తట్టలేదు. వారమంతా కూరలు తరుగుతూ ఆలోచించాను. రెండో వారానికి ఒక కాగితం నిండింది. అది చదివి ఇద్దరం ఒకటే నవ్వు."

"మీవారుంటే, మీరు బండి నడపడం చూసి ఏమనేవారు?"

"ఎడమకి పో, కుడికి పో, మెల్లగా పో, అసలు ఎందుకు పోవడం అనేవారు. పెళ్లైన కొత్తలో సైకిల్ తొక్కుతానంటే, బస్సులున్నాయిగా అన్నారు. టైములు కాగితం మీద రాసిచ్చారు."

నిజమే. చక్కటి దస్తూరీతో రాసిచ్చాను. ఎంతో మేలు చేశాననుకున్నాను.

కృష్ణకుమారిగారు నా వైపు తిరిగారు. ఫోన్ కూడా తిరిగింది. "మీరు పక్కనే ఉండేవారు కదా సర్. ఆయన ఎలాంటి మనిషి?"

పోయినవాడి గురించి నాలుగు మంచి మాటలు చెప్పడం కష్టమేం కాదు. ఎన్నో సంతాప సభల్లో చెప్పాను. "మంచివాడే," అన్నాను. "బస్సులంటే ప్రాణం. ఎవరెక్కడికి బయల్దేరినా దారి చెప్పేవాడు." ఇక చాలనుకున్నాను గాని శ్రవణ్ ఫోన్ దించలేదు. "ఈవిడకి ఎక్కడికి వెళ్లాలనుందో మాత్రం అడగలేదు. చెడ్డవాడై కాదు. అడగాలని తోచలేదు. తోచి ఉండాల్సింది."

మా ఆవిడ నా వైపు చూడలేదు. పైట అంచు సరిచేసుకుంది.

"ఇక వస్తానమ్మా, మా ఇంట్లో ఎదురు చూస్తుంటారు," అని పేపరు తీసుకుని బయటపడ్డాను. నాకు ఇంకో ఇల్లు ఎక్కడుంది? మెట్ల దగ్గర నిలబడ్డాను. ఇంతలో కృష్ణకుమారిగారు ఫోన్లో మాట్లాడుతూ బయటికొచ్చారు. అదే సమయానికి, నిజంగానే పక్క ఫ్లాట్‌లో ఉండే యాదలక్ష్మి కూరగాయల సంచితో పైకొచ్చింది.

"ఏంది రామారావు సార్, లుంగీ మీద బయట నిలబడ్డరు? మేడమ్ ఎళ్లగొట్టిందా ఏంది?" అని నవ్వుకుంటూ తన తలుపు తీసుకుని లోపలికి పోయింది.

కృష్ణకుమారిగారు ఫోన్ కట్టేశారు. "రామారావుగారా?"

"అవునండీ."

"ఆ రామారావుగారేనా?"

"ఆయనే."

"మృదుల?"

"మా కోడలు," అన్నాను. అప్పటికే రెండు నెలలు పోయి ఉన్నాను, ఇంక అబద్ధం చెప్పే ఓపిక లేదు.

ఆమె లోపలికి నడిచారు. వెనకే నేను. మా ఇద్దరి ముఖాలూ చూడగానే మృదుల లేచి నిలబడింది. కళ్ల నిండా నీళ్లు. "తప్పు నాదే మేడమ్. ఒక్క పేరు తక్కువైందని..."

"ఆ పిల్ల ఉద్యోగం తీయకండి," అన్నాను. "కావాలంటే నేను ఇంకో రెండు నెలలు ఇలాగే ఉంటాను. నాకు అలవాటైంది."

శ్రవణ్‌కుమార్‌కి అప్పటికి గాని అర్థం కాలేదు. "అంకుల్, మీరు ఉన్నరా?" అన్నాడు పాపం, నిజంగా సంతోషపడి. "మీ కోసం నేను రెండు వారాలు ఏడ్చిన అంకుల్."

కృష్ణకుమారిగారు కూర్చుని, మిగిలిన నీళ్లు తాగి, సంచీలోంచి చిన్న కంప్యూటర్ తీశారు. యాభయ్యో వరుస తెరిచారు. "నలభై తొమ్మిది ఇళ్లూ చూసి వచ్చాను," అన్నారు. "గుళ్లకి తీసుకెళ్లాం, పళ్లిచ్చాం, ఫొటోలు దిగాం. మళ్లీ రండి అన్నవాళ్లున్నారు, ఎవరు మీరు అన్నవాళ్లూ ఉన్నారు. ఒక మనిషిలో మార్పు కళ్లారా చూసింది ఈ ఇంట్లోనే. ఈ వరుస తీసేయబుద్ధి కావడం లేదు. అలాగని అబద్ధం ఉంచలేను." భర్త అన్న గడిలో 'ఉన్నారు' అని నొక్కారు.

"మేడమ్, ఎర్రబడుతుంది," అంది మృదుల.

"పడనీ. ఎందుకో నేను రాసి సంతకం పెడతాను. నువ్వూ పెట్టు." మా ఆవిడ వైపు తిరిగారు. "పక్క గడిలో 'ఒంటరి' అని ఉంది. అది కూడా తీసేయనా అమ్మా?"

ఆ రోజు మొదటిసారి మా ఆవిడ నా కళ్లలోకి చూసింది.

"అది ఉంచండి," అంది. "రాసినప్పుడు అది నిజమే."

ఫ్యాను తిరుగుతోంది. నేను పేపరు మడిచాను. దాన్ని మళ్లీ ఇంకా చిన్నగా మడిచాను.

* * *

మృదుల పర్మనెంటు ఆరు నెలలు వెనక్కి పోయింది, ఉద్యోగం నిలిచింది. శ్రవణ్‌ని కంపెనీ ఇంకో సేవకి పంపింది, చెరువు గట్టున ప్లాస్టిక్ ఏరడానికి. నా పేరు బోర్డు మళ్లీ తలుపెక్కింది.

ఏప్రిల్ మొదటి శనివారం తొమ్మిదిన్నరకి నేను చొక్కా తొడుక్కుని, చెప్పులేసుకుని, అప్పుడు ఎవరూ వెళ్లమనలేదని గుర్తొచ్చి గుమ్మంలో ఆగాను. మా ఆవిడ అద్దం ముందు నిలబడి తలకి గుడ్డ బిగిస్తోంది, హెల్మెట్ కింద జుట్టు నలగకుండా. ఇంట్లో మేమిద్దరమే. ఇంకెప్పుడు అడుగుతాను?

"ఆ రెండు గంటలూ నేను లేకుండా నీకు హాయిగా ఉండేదా?" అన్నాను.

"ఉండేది," అంది. తడుముకోలేదు.

"అయితే నేను నిజంగానే లేకపోతే?"

ఈసారి ఆలోచించింది. వెంటనే 'ఛ, అవేం మాటలు' అంటుందని ఎదురు చూశాను. అనలేదు. గుడ్డ ముడి వేసి, విప్పి, మళ్లీ వేసింది. ఆ కాస్తసేపు నాకు నిజంగా భయమేసింది.

"శ్రవణ్ మంచి పిల్లాడే," అంది చివరికి. "కానీ ఏమన్నా 'కరెక్ట్ ఆంటీ' అంటాడు. సూర్యుడు పడమర పొడిచాడన్నా కరెక్ట్ ఆంటీయే. ఆరో వారానికి విసుగెత్తింది. మీతో అయితే కనీసం పోట్లాడొచ్చు."

అంతకంటే ఎక్కువ చెప్పలేదు. నాకు అదే చాలా ఎక్కువ. ఏం చేయాలో తెలియక చెప్పులు విప్పాను.

"మళ్లీ వేసుకోండి. ఎల్ బోర్డు బండికి వెనక లైసెన్సున్నవాళ్లు కూర్చోవాలట. ఇంట్లో ఖాళీగా ఉన్న లైసెన్సు మీదే."

"ఎక్కడికి..." అని, ఆగి, సరిగ్గా అడిగాను. "నీకు ఎక్కడికి వెళ్లాలనుంది?"

"సైదాబాద్. మాలతి దగ్గరికి."

మాలతి ఆవిడ కాలేజీ స్నేహితురాలు. పన్నెండు కిలోమీటర్లు కూడా లేదు, పదిహేనేళ్లుగా ఫోన్లోనే పలకరించుకుంటున్నారు. మృదుల స్కూటీ తాళం తీసుకుని కిందికి దిగాం. నేను వెనక కూర్చుని, చేతులెక్కడ పెట్టాలో తెలియక కాసేపు గాలిలో ఉంచి, తర్వాత ఆవిడ భుజం మీద వేశాను. మా వాచ్‌మన్ లేచి నిలబడి చూశాడు.

ఎల్బీనగర్ చౌరస్తా. అక్కడి నుంచి సైదాబాద్‌కి కర్మన్‌ఘాట్, చంపాపేట మీదుగా పోవాలి. సిగ్నళ్లు తక్కువ. ఇది నా అభిప్రాయం కాదు, ఎవరినైనా అడగండి. ఆవిడ తిన్నగా దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు పట్టింది. నేను నోరు తెరిచాను. మళ్లీ మూసుకున్నాను. కొత్తపేట దాకా మూసుకునే ఉన్నాను. చైతన్యపురిలో ఆవిడ కుడి ఇండికేటర్ వేసి ఎడమకి జరిగింది. వెనక ఆటోవాడు తిట్టాడు. అయినా నేను పలకలేదు.

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు హెల్మెట్ అద్దం పైకెత్తి, "ఏమండీ, ఉన్నారా?" అంది.

"ఉన్నాను."

"ఇందాకటి నుంచి ఏదో అనబోతున్నారు. అనండి."

అన్నాను. సైదాబాద్ చేరేదాకా అంటూనే ఉన్నాను. ఆవిడ ఒక్కదానికీ ఒప్పుకోలేదు.